గణపతిదేవ చక్రవర్తియు తెరచాప ఓడలును

పోచంపల్లికి సముద్రము దూరము. ఈ మెట్టసీమలో నీరనిన చెరువు నీరే. పడవ యనిన కృష్ణను దాటించు పుట్టియే. అయినను ఈ ఊరి మగ్గములకు సముద్రముతో ఒక పాత చుట్టరికము కలదు. చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయెడివి. ఆ చిటికి పనియే ఇరువదవ శతాబ్ది తొలి భాగమున చీరాల నుండి పోచంపల్లికి వచ్చినది. ఆ చీరాలకు చేరువనే సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామమున్నది. నేడు అది చిన్న పల్లె. పదమూడవ శతాబ్దమున కాకతీయ రాజ్యమునకు అది ముఖ్యమైన రేవు. ఓరుగల్లు ప్రభువగు గణపతిదేవుడు ఓడవర్తకులకు అభయమిచ్చిన చోటు అదియే.

గణపతిదేవుని బాల్యము సుఖముగా గడచినది కాదు. పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధమున మడిసెను. తండ్రి మహాదేవుడు ఆ పగ తీర్చుకొనబోయి తానును ప్రాణము కోల్పోయెను. పిన్నవయస్సుననే గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కెను. రాజులేని రాజ్యమును సామంతులు పంచుకొనకుండ నిలిపినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేటలో రామప్పగుడి కట్టించినవాడును ఈతడే. యాదవరాజు గణపతిదేవుని ఏల విడిచిపుచ్చెనో చరిత్రకారులు పలువిధముల చెప్పుదురు. ఏమైనను 1199 నాటికి అతడు ఓరుగంటి సింహాసనమెక్కెను. అటుపిమ్మట అరువది సంవత్సరములకు పైగా పాలించెను.

రాజ్యమునకు వచ్చిన కొలది కాలమునకే అతని చూపు తూర్పుతీరముపై పడెను. వెలనాటి పృథ్వీశ్వరుని సైన్యములను గెలిచి, బెజవాడను, కృష్ణ సముద్రమున గలియు చోటనున్న దివిసీమను వశపరచుకొనెను. గెలిచిన దివిసీమ ప్రభువులను అతడు తొలగింపలేదు. వారి ఆడుబిడ్డలైన నారాంబను, పేరాంబను పెండ్లాడి, వారి సోదరుడు జాయపను తన గజసైన్యమునకు అధిపతిని చేసెను. నృత్తరత్నావళి రచించినవాడు ఈ జాయపయే. ఇట్లు కొండలకును గుట్టలకును అలవడిన కాకతీయ రాజ్యమునకు సముద్రపు వాకిలి తెరచుకొన్నది.

ఆ వాకిట వచ్చిపోవు ఓడల సంగతి తెలియనిదే గణపతిదేవుడు చేసిన పని విలువ తెలియదు. తెలుగుతీరమున తెరచాపలు కొత్తవి కావు. రెండు తెరచాప కొయ్యలు గల ఓడబొమ్మ శాతవాహనుల నాణెములపై ఏనాడో ముద్రింపబడినది. గణపతిదేవుని నాడు హిందూ మహాసముద్రమున తిరుగు ఓడలలో పెక్కింటికి ఇనుప మేకులుండెడివి కావు. పలకల అంచుల వెంబడి రంధ్రములు తొలిచి, కొబ్బరినార త్రాళ్ళతో కుట్టి బిగించెడివారు. భోజరాజు పేర నిలిచిన యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున ఓడల కొలతలును, కఱ్ఱలలోని భేదములును చెప్పబడినవి. సముద్రపు ఓడలో ఇనుము చేర్చినచో నీటిలోని అయస్కాంతపు రాళ్ళు దానిని లాగివేయునని కూడ అందున్నది. ఆ కారణము కట్టుకథయే. కుట్టుపని గుణము మాత్రము కట్టుకథ గాదు. ఈ తీరమున అలలు ఒడ్డునకు దూరముననే విరిగి పడును. పెద్ద ఓడ దరికి రాలేక లంగరు వేసి నిలువవలసినదే. సరుకును చిన్న పడవలలో దింపవలసినదే. మేకులతో బిగించిన పడవ ఇసుకను తాకి అల దెబ్బ తిన్నచో పలక పగులును. కుట్టిన పడవ వంగి, సడలి, మరల లేచును. తరువాతి కాలమున మసూలా పడవలని పేరుపడినవి ఇట్టివే. వాటి లోపల అడ్డకమ్ములు కూడ ఉండెడివి కావు. ఈ ఉపాయము కనిపెట్టిన వడ్రంగుల పేర్లు ఏ శాసనమునందును చెక్కబడలేదు.

ఎంత నేర్పుగా కుట్టినను తుపానుకు ఓడ ఓడయే. తెరచాప గాలికి లోబడి నడచునది. నైరుతి గాలితో వచ్చినవారు ఈశాన్యపు గాలికై కాచుకొనవలెను. ఆ గాలి తిరుగు ఆశ్వయుజ కార్తికములలోనే ఈ తీరమున గాలివానలు పుట్టును. దారి తప్పిన ఓడ, పోదలచిన రేవు చేరక, ఏదో ఒక ఊరుగాని ఒడ్డున పగిలిపోవును. అప్పుడు వర్తకునికి రెండవ ఆపద మొదలగుచుండెను. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వమును ఆ సీమనేలు రాజు బలవంతముగా పట్టుకొనుట పూర్వాచారము. సముద్రము మిగిల్చిన దానిని నేల మింగెడిది.

1244లో గణపతిదేవుడు ఈ ఆచారమును మోటుపల్లిలో మాన్పించెను. ఒక శిలాస్తంభముపై శాసనము చెక్కించి, ఓడ పగిలిన వర్తకుని సొత్తు వర్తకునిదే యని ప్రకటించెను. నియమిత సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని ఖండండాంతరముల నుండి వచ్చు వర్తకులకు అభయమిచ్చెను. ధనము ప్రాణముకంటె ప్రియమైనదనియు, అట్టి ధనమునకై సముద్రప్రయాణమున ప్రాణమునకు తెగించువారిపై దయ చూపవలెననియు అందలి భావము. కీర్తికొరకును, ధర్మము కొరకును ఇట్లు చేయుచున్నట్లు కూడ దాచక చెప్పబడినది. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, చీనా కర్పూరము, పన్నీరు, ముత్యములు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మొదలగు సరుకుల పట్టికయు అందు కలదు. ఏ అధికారియు తన యిచ్చవచ్చినట్లు అడుగుటకు వీలులేకుండ రేటు రాతిపై నిలిచినది.

ఇది వట్టి దయయేనా యని అడుగవచ్చును. కాదు. కాకతీయ సైన్యమునకు గుఱ్ఱములు కావలెను. అవి ఓడలలో రావలెను. భయమున్న రేవునకు ఓడ రాదు. పగిలిన ఒక ఓడను దోచుకొన్నచో వచ్చునది ఒక్కసారి సొమ్ము. చెడకుండ వచ్చు నూరు ఓడల సుంకము ఏటేట వచ్చునది. అయినను ఈ లెక్క ఇతర రాజులకు తెలియనిది కాదు. తెలిసియు చేతికందిన సొత్తును వదలినవారు అరుదు. పరుల చేత చిక్కి అన్నియు కోల్పోయిన కాలము గణపతిదేవుని బ్రతుకున ఒకటి ఉన్నదనుట ఇచ్చట మరువరానిది.

తక్కిన ఘనకార్యములు సుప్రసిద్ధములు. ఓరుగంటి రాతికోట ఆయన కాలమున లేచెను. పాకాల చెరువు ఆయన కాలమున త్రవ్వబడెను. రాజ్యము కోల్పోయిన నెల్లూరి మనుమసిద్ధి పక్షమున తిక్కన వచ్చి కోరగా ఆయన సైన్యసాయము చేసెనని చెప్పుదురు. ముదిమిలో మాత్రము ముత్తుకూరు వద్ద పాండ్యుల చేత ఓటమి తప్పలేదు. కుమారులు లేకపోవుటచే కుమార్తె రుద్రమదేవికే రాజ్యభారము నప్పగించెను. ఆమె 1289లో మరణించిన సంగతిని తెలుపు శాసనము నల్లగొండ జిల్లా చందుపట్లలోనే దొరకినది.

ఆ శతాబ్ది చివరి కాలమున వెనిసు నగరవాసి మార్కోపోలో ఈ రాజ్యమును మోటుపల్లి పేరుతోనే వర్ణించెను. ఇచ్చటి సన్నని వస్త్రములు సాలెగూటి దారములవలె నుండునని మెచ్చుకొనెను. కాకతీయ రాజ్యము పడిపోయిన పిదప 1358లో అనపోతారెడ్డి అదే రేవున ఓడవర్తకులకు మరల అభయశాసనము వేయించెను. గణపతిదేవుని స్తంభము మోటుపల్లి వీరభద్రాలయమున నిలిచియున్నది.