తెల్ల పావడా నాట్యతార మేరీ టాలియోని

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం గురించి రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఎప్పుడో గతించిన ఒక విదేశీ నర్తకి గురించి రాస్తున్నాను. అందుకు కారణం మా మనవరాలు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి కూతురు బాలే నృత్యం నేర్చుకుంటోంది. నడుము చుట్టూ గొడుగులా విచ్చుకున్న తెల్లని పావడాతో, మునివేళ్ల మీద నిలబడిన ఫోటో ఒకటి పంపింది. ఈ డ్రెస్సు మొదట ఎవరు వేసుకున్నారో చెప్పు తాతయ్యా అని ఫోనులో అడిగింది. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు తిప్పినవాణ్ణి, తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. దొరికినవన్నీ చదివాను. చదివింది క్లుప్తంగా విన్నవిస్తున్నాను.

మేరీ టాలియోని 1804 ఏప్రిల్ 23న స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జన్మించింది. తండ్రి ఫిలిప్పో ఇటలీ దేశస్థుడు, నర్తకుడు, నాట్యాచార్యుడు. తల్లి స్వీడన్‌లో పేరుపొందిన గాయకుడి కుమార్తె. ఇంట్లో కళ ఉంది కానీ, ఆ పిల్ల ఒళ్లు నాట్యానికి తగినట్టు లేదు. భుజాలు కాస్త వంగి ఉండేవి, చేతులు పొడుగు. తండ్రి వియన్నాలో ఆరు నెలలపాటు రోజుకు ఆరు గంటలు సాధన చేయించాడు. ఉదయం రెండు గంటలు కాళ్లకు, పగలు రెండు గంటలు నెమ్మదైన భంగిమలకు, పడుకోబోయే ముందు రెండు గంటలు గెంతులకు. ఆ పొడుగు చేతులు ఎబ్బెట్టుగా కనిపించకుండా ప్రత్యేకమైన భంగిమలు కూర్చాడు. 1822లో వియన్నాలో ఆమె తొలిసారి రంగస్థలం ఎక్కింది. లోపమనుకున్నదే తరువాత ఆమె శైలిగా పేరు తెచ్చుకుంది. 1827లో ప్యారిస్ ఆపెరాలో అడుగుపెట్టింది.

ఇక దుస్తుల సంగతి. అంతకు నూరేళ్ల ముందు నర్తకీమణులు రాజాస్థానపు స్త్రీల లాగానే నేలకు జీరాడే బరువైన గౌన్లు, మడమలున్న జోళ్లు వేసుకుని ఆడేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో కమార్గో అనే నర్తకి అడుగులు కనిపించాలని పావడా అంచును కొంత పైకి కట్టడమే పెద్ద విడ్డూరమైంది. మేరీ వచ్చేసరికి ఇంగ్లండులో వలలాంటి పలుచని గుడ్డ యంత్రాల మీద తయారవుతోంది. జాన్ హీత్‌కోట్ ఆ యంత్రానికి 1809లో పేటెంటు పొందాడు. చేత్తో అల్లితే ధనవంతులకే అందే వస్తువు నాటకశాలకు కూడా అందుబాటులోకి వచ్చింది.

1832 మార్చి 12న ప్యారిస్‌లో లా సిల్ఫీడ్ అనే బాలే ప్రదర్శించారు. కూర్పు తండ్రిది. మేరీ వేసింది గాలిలో తిరిగే ఒక దేవకన్య పాత్ర. దుస్తులు రూపొందించింది చిత్రకారుడు యూజీన్ లామీ అంటారు. నడుముకు బిగుతైన రవిక, మెడ, భుజాలు కనిపించేలా. కింద గంట ఆకారంలో తెల్లని పావడా, పిక్కల వరకు. పలుచని గుడ్డను పొరమీద పొరగా వేసి కుట్టారు. వీపున చిన్న రెక్కలు, తలమీద పూలదండ. నగానట్రా దాదాపు లేదు. పైన వెలిగే గ్యాసు దీపాల కాంతిలో ఆ తెలుపు పొగమంచులా కనిపించేదట. ఆ రోజు నుంచి బాలే అంటే తెల్ల దుస్తులే అన్నట్టయింది. నేటికీ ఆ ఆకారాన్ని రొమాంటిక్ టూటూ అంటారు.

జోళ్ల విషయం కూడా చెప్పాలి. ఈనాటి పిల్లల జోళ్లకు ముందు భాగం గట్టిగా అట్టకట్టి ఉంటుంది. మేరీ వేసుకున్నవి మెత్తని శాటిన్ జోళ్లు. కింద సన్నని తోలు, మునివేళ్ల దగ్గర సూదీదారంతో దట్టంగా కుట్టిన కుట్లు, అంతే. మిగిలిన బలమంతా ఆమె పాదాలదే. చూసేవాళ్లకు గాలిలో తేలినట్టుండేది. తేల్చింది మాత్రం వియన్నాలోని ఆ ఆరు నెలలు.

ఆ తరువాత ఆమె కీర్తికి హద్దు లేకపోయింది. 1837 నుంచి 1842 వరకు రష్యాలో ఆడింది. ఆమె వెళ్లిపోతుంటే అక్కడి అభిమానులు ఆమె జోళ్లు రెండువందల రూబుళ్లకు కొని, ఉడికించి తిన్నారని ఒక కథ. నిజమో కాదో గానీ, పిచ్చి ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది. ఇంగ్లండులో ఒక రకం ఓవర్‌కోటుకు టాలియోని అని పేరు పెట్టారు. 1845 జూలై 12న లండన్‌లో నలుగురు మేటి నర్తకీమణులు కలిసి పా ద కాత్ర్ అనే నృత్యం చేశారు. అందులో నలభై ఒక్కేళ్ల మేరీదే అగ్రస్థానం. ఆ వరుస ప్రదర్శనల్లో ఒకదాన్ని విక్టోరియా రాణి స్వయంగా చూసింది. 1847లో మేరీ రంగస్థలం విడిచి, ఇటలీకి వెళ్లిపోయింది. 1832లో ఒక కౌంటుతో జరిగిన పెళ్లి అంతకు చాలాముందే చెడింది.

ఆమె కథ అక్కడితో ముగిసి ఉంటే నేను ఇంత దూరం రాసేవాణ్ణి కాదు.

ఆ తెల్ల పావడాకు ఒక శాపం ఉంది. పలుచని నూలుగుడ్డ, దానికి గంజి, పొరకూ పొరకూ మధ్య గాలి. రంగస్థలం అంచున, పక్కల తెరల దగ్గర మండే గ్యాసు దీపాలు. అంచు తగిలిందంటే క్షణంలో మనిషి చుట్టూ మంటే. 1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ అనే యువతి ప్రేక్షకుల కళ్లముందే అంటుకుని, కొద్ది రోజుల్లో కన్నుమూసింది. ఆమె ఒక్కతే కాదు, ఆ కాలంలో ఇలా పోయిన నర్తకీమణులు ఎందరో.

మార్గం లేకపోలేదు. ఫ్రాన్సులో కార్టెరాన్ అనే ఆయన, గుడ్డను కొన్ని లవణాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితే మంట అంటుకోకుండా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1859 నవంబరులో ప్రభుత్వం నాటకశాలల్లో ఈ పద్ధతి పాటించాలని ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయితే అలా ముంచిన గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసి పసుపుపచ్చగా మారేది. పొగమంచులాంటి పావడా గోనెసంచిలా అయిపోతుందని నర్తకీమణులు వద్దన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేరీ ప్యారిస్‌కు తిరిగివచ్చింది. కారణం ఎమ్మా లివ్రీ అనే అమ్మాయి. 1858లో పదహారేళ్ల వయసులో ఎమ్మా మొదటిసారి ఆడింది కూడా లా సిల్ఫీడే. తన పాత్రలో తన వారసురాలిని చూసుకుంది మేరీ. మనం రిటైరయ్యే వయసులో ఆమె ప్యారిస్ ఆపెరాలో నాట్య పర్యవేక్షకురాలిగా ఉద్యోగంలో చేరింది. 1860లో అక్కడి నర్తకులకు పరీక్షల పద్ధతి నెలకొల్పింది. ఎమ్మా కోసం సీతాకోకచిలుక అనే అర్థం వచ్చే ల పాపియోఁ బాలేను కూర్చింది. సంగీతం ఆఫెన్‌బాఖ్‌ది. 1860 నవంబరు 26న ప్రదర్శన. అందులో సీతాకోకచిలుకగా మారిన నాయిక కాగడా వెలుగుకు ఆకర్షితురాలై రెక్కలు కాల్చుకుంటుంది.

ఆ ప్రదర్శనకు ముందే ఎమ్మా అధికారులకు ఒక లేఖ రాసింది. మామూలు పావడాతోనే ఆడతానని, ఏం జరిగినా బాధ్యత తనదేనని దాని సారాంశం. 1862 నవంబరు 15న మరో ఆపెరా రిహార్సల్ జరుగుతోంది. తెర పక్కన కూర్చోబోతూ ఎమ్మా పావడా సర్దుకుంది. ఆ గాలికి గ్యాసు మంట పైకి లేచి అంచును అందుకుంది. మంటలతో రంగస్థలం మీద పరుగెత్తిన ఆ పిల్లను ఆర్పేసరికి ఒళ్లంతా కాలిపోయింది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి, 1863 జూలై 26న ప్రాణం విడిచింది. ఇరవై ఒకటి కూడా నిండలేదు. కాలిపోగా మిగిలిన ఆ దుస్తుల పేలికలను ప్యారిస్ ఆపెరా మ్యూజియంలో భద్రపరిచారు.

ఆ లేఖ గురించి చదివాక నాకు రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు. నా సర్వీసులో ఒక సహోద్యోగి నామినేషన్ ఫారం నింపకుండా ఏళ్ల తరబడి దాటవేశాడు. సీటు నాదే. నాలుగుసార్లు అడిగాను, రేపు చూద్దాం లెండి అంటే ఊరుకున్నాను. నా ఫైలులో నేను అడిగినట్టు రాసి ఉంది కదా, అది చాలనుకున్నాను. ఆయన హఠాత్తుగా పోయాడు. వారసత్వ ధ్రువపత్రం కోసం ఆయన భార్య రెండేళ్లు తిరిగింది. ఉత్తర్వు ఉంటే చాలదు, కాగితం మీద బాధ్యత ఎవరిదని తేలితే చాలదు, చేయి పట్టుకుని చేయించేవాడు ఒకడుండాలి. ఎమ్మా చుట్టూ అంతమంది పెద్దలుండి, ఆ లేఖను పుచ్చుకుని ఊరుకున్నారు.

మేరీ ఆ తరువాత మరో బాలే కూర్చలేదు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధం వచ్చింది. ఉద్యోగం పోయింది, సంపాదించింది కరిగిపోయింది. ఐరోపా అంతా ఏలిన నర్తకి డెబ్బైకి చేరువలో లండన్ వెళ్లి, పెద్దింటి ఆడపిల్లలకు నడక, వంగి నమస్కరించడం, నాట్యం నేర్పుతూ సొంత కష్టం మీద బతికింది. మనకు నెల తిరిగేసరికి పెన్షను అందుతుంది. ఆమెకు ఆ భరోసా లేదు. చివరికి మార్సేయిలో కొడుకు దగ్గర చేరి, 1884 ఏప్రిల్‌లో, ఎనభై నిండే వేళ కన్నుమూసింది.

మరుసటి సంవత్సరమే వర్జీనియా జుక్కీ అనే ఇటలీ నర్తకి రష్యాలో పొట్టి పావడా కావాలని పట్టుబట్టింది. క్రమంగా పావడా మోకాళ్ల పైకి వెళ్లి, గొడుగులా విచ్చుకుంది. మా మనవరాలి ఫోటోలో ఉన్నది అదే. గ్యాసు దీపాలు పోయి కరెంటు దీపాలు వచ్చాక ఆ మంటల భయం చాలావరకు తీరింది.

మనవరాలికి మేరీ సంగతి చెప్పాను. ఎమ్మా సంగతి కూడా చెప్పాను. చిన్నపిల్లకు అవన్నీ ఎందుకని మా ఆవిడ కోప్పడింది. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత, తన డ్రెస్సు మంట అంటుకోనిదేనా అని టీచరును అడుగుతానంది. నాకు అది చాలు.

సభ్యులు కూడా ఒకసారి ఇంట్లో బీరువా తెరిచి, మీ నామినేషన్ కాగితాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవలసిందిగా మనవి.