శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు

ప్రేమయే పరమధర్మమని పలుకనివారు లేరు. ఆ ప్రేమను ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పరుండువఱకును చేయు పనులలో చూపినవారు మాత్రము కొలదిమంది. 17వ శతాబ్దమున ఇంగ్లాండు దేశమున జార్జి ఫాక్సు మొదలగువారు నెలకొల్పిన స్నేహితుల సమాజమువారు, అనగా క్వేకరులు, ప్రతిమానవుని హృదయమందును ఈశ్వరజ్యోతి కలదని నమ్మిరి; బాహ్యకర్మములను విడిచి, నిత్యజీవనమంతయు పవిత్రమే యనియు, సామాన్యభోజనమును ఆరాధనము కాగలదనియు తలంచిరి. వారితో నెట్టి సంబంధమును లేకయే ఆ భావమును తన వంటయింట నాచరించి చూపిన యాంధ్రవనిత రాజ్యలక్ష్మమ్మగారు.

ఈమె 1851వ సంవత్సరమున జన్మించిరి. పుట్టినింట పెట్టిన పేరు బాపమ్మ. 1861లో, ఆ కాలపు టాచారము ననుసరించి బాల్యముననే, వీరేశలింగము పంతులుగారితో వివాహమయ్యెను. వారికి సంతానము కలుగలేదు.

న్యాయవాదవృత్తియందున్న మే మిచట నొక సంగతి చెప్పవలసియున్నది. హిందూ వితంతువుల పునర్వివాహము న్యాయసమ్మతమని 1856వ సంవత్సరపు 15వ చట్టము శాసించెను. శాస్త్రము లంగీకరించుచున్నవని పంతులుగారు వాదించి చూపిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఇట్లు చట్టమును, శాస్త్రమును, ధనమును సమకూడినపిదప 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతువివాహము తలపెట్టిరి. అంతట బంధువులు రాకపోకలు మానిరి. వంటవారును, నీళ్లు మోయువారును తొలగిపోయిరి. చట్టము పెండ్లికి అనుమతి నీయగలదు గాని పెండ్లివారికి అన్నము వండిపెట్టజాలదు గదా!

అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికిఁ బోయి నీరు మోసి తెచ్చి, వచ్చినవారికెల్ల వండి వడ్డించిరి. ఇది యొకనాటి యుత్సాహము గాదు. తరువాతి వివాహములకును ఆ చేతులే వండినవి. తలదాచుకొన వచ్చిన వితంతువులను తల్లివలె నాదరించినవి. వెలివేతవలని కష్టము పంతులుగారికి వీధిలో నెదురైన, ఈమెకు బావికడను, పొయ్యికడను, పుట్టినింటి గడపకడను ఎదురయ్యెను. 1906లో హితకారిణీ సమాజ మేర్పడెను. బిడ్డలు లేని ఆ దంపతుల యాస్తి పరులబిడ్డల మేలునకై దానికి చెందెను. 1910వ సంవత్సరమున ఈమె పరమపదించిరి.

పంతులుగారి ఉపన్యాసములు అచ్చుపడి నిలిచినవి. ఈమె వండిన యన్నము ఆనాడే తీరిపోయినది; కాని ఆ యన్నము లేనిచో ఆ పెండ్లి లేదు. నీటిబిందె బరువెంతయో నీరు కొఱవైన మా పెద్దమండ్యపుసీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున చదువరులారా, సంస్కరణమును గూర్చి మనము సభలో మాటలాడి యింటికి వచ్చునప్పుడు, ఆ మాటల బరువు నెవరి తలపై నెత్తుచున్నామో విచారింతము. ఆ బిందె నొక్కింతసేపైనను మన భుజముపై పెట్టుకొనగలిగితిమేని, ప్రేమయను మాట నుచ్చరించుటకు మనకు కొంత యధికారము కలుగును.