మంచులో దారి త్రొక్కిన పాదుషా

పరీక్షల నిమిత్తం చరిత్ర చదివే మనకు బాబరు అనగానే జ్ఞాపకం వచ్చేవి రెండు సంవత్సరాలు: పానిపట్టుకు 1526, ఖాన్వాకు 1527. ఫిరంగులు, తులుగ్మా వ్యూహం, మొగలు సామ్రాజ్య స్థాపన అని వ్రాస్తే జవాబు పూర్తవుతుంది, మార్కులూ వస్తాయి. కాని ఆ యుద్ధాలకు పూర్వం ముప్పది యేండ్లకు పైగా అతడు పడిన పాట్లు, నడచిన దారులు, తన లోపాలను తానే పరీక్షించుకొన్న తీరు ఆ జవాబులో ఎక్కడా కనిపించవు. మేమిక్కడ చెప్పదలచుకొన్నది ఆ బాబరును గురించి.

జహీరుద్దీన్ ముహమ్మద్ బాబరు 1483 ఫిబ్రవరి 14వ తేదీన ఫర్గానా రాజ్యంలోని అందిజానులో జన్మించాడు. తండ్రి ఉమర్ షేక్ మీర్జా తైమూరు వంశీయుడు. తల్లి కుత్లుగ్ నిగార్ ఖానమ్ చెంగిజ్ ఖాను వంశపు ఆడపడుచు. 1494లో అఖ్సీ కోటలో, లోయ అంచున కట్టిన పావురాల గూడు కూలగా దానితోబాటు పడి తండ్రి మరణించాడు. పదకొండేండ్ల పిల్లవాడు గద్దె నెక్కవలసి వచ్చింది. ఒకవైపు నుండి పెదతండ్రి, మరొకవైపు నుండి మేనమామ సైన్యాలతో బయలుదేరారు. బంధుత్వం రాజ్యాన్ని కాపాడదని ఆ బాలుడు మొదటి సంవత్సరంలోనే తెలుసుకొన్నాడు.

తైమూరు రాజధాని సమర్‌ఖందును ఏలడం అతని కల. 1497లో ఏడు నెలల ముట్టడి తరువాత ఆ నగరం చేజిక్కింది. నూరు దినాలు మాత్రమే నిలిచింది. అక్కడ అతడు మాట పడిపోయేటంత జబ్బుపడగా, ఇక్కడ అందిజాను శత్రువుల పాలయింది. దానిని రక్షించుకొనుటకై సమర్‌ఖందు విడిచి వచ్చేసరికి రెండూ పోయాయి. ఆనాడు తాను ఏడ్చిన సంగతిని అతడు తన గ్రంథంలో దాచలేదు. 1500లో రమారమి 240 మందితో, రాత్రివేళ నిచ్చెనలు వేసుకొని ఆ నగరాన్నే తిరిగి పట్టుకొన్నాడు. మరుసటి యేడు షైబానీ ఖాను ముట్టడించాడు. తిండి లేక పేదలు కుక్కలను, గాడిదలను తిన్నారు. గుఱ్ఱాలకు చెట్ల ఆకులే మేత అయ్యాయి. చివరకు అర్ధరాత్రి నగరం విడిచి పోవలసి వచ్చింది. అక్క ఖాన్‌జాదా బేగం శత్రువు చేతికి చిక్కింది.

పందొమ్మిదేండ్లయినా నిండని ఆ రాజు పిమ్మట ఏమి చేశాడన్నదే మాకు ఆసక్తి కలిగించిన విషయం. దిఖ్కత్ అనే కొండపల్లెలో ఆ యూరి పెద్ద ఇంట తలదాచుకొన్నాడు. అక్కడ 111 ఏండ్ల వృద్ధురాలు ఉండేది. ఆమె బంధువొకడు పూర్వం తైమూరు సేనతో హిందూస్థానం వెళ్ళాడట. ఆ కథలను ఆమె చెప్పగా బాబరు విన్నాడు. పగలంతా ఆ కొండలలో చెప్పులు లేకుండా తిరిగేవాడు. తిరిగి తిరిగి, రాయి అయినా ఱప్ప అయినా ఒకటే అనిపించేటంతగా పాదాలు గట్టిపడ్డాయి. ఆ చలికాలంలోనే, రెండు ఒడ్డులా గడ్డకట్టి నడుమ మాత్రం పారుతున్న ఏటిలో దిగి పదునారు మునకలు వేశాడు. ఇది ప్రదర్శన కాదు. పోగొట్టుకొన్న రాజ్యాన్ని వెంటనే తిరిగి తేలేనివాడు, తన దేహమొక్కటే తన స్వాధీనంలో మిగిలినదని గ్రహించాడని మేము భావిస్తున్నాము.

1504లో కాబూలుకు బయలుదేరినపుడు వెంట నున్నవారు రెండు వందలకు ఎక్కువ, మూడు వందలకు తక్కువ. అధికులు కఱ్ఱలు పట్టుకొని కాలినడకన వచ్చినవారే. ఉన్నవి రెండే గుడారాలు, తన గుడారం తల్లికి ఇచ్చాడు. కాబూలు దక్కింది.

1506 చివర హీరాతులో బంధువుల విందులు ముగించుకొని, నడిశీతకాలంలో కొండదారిన కాబూలుకు మరలాడు. ఆ దారినే పోవాలని పట్టుబట్టినవాడు కాసిం బేగు. మంచు గుఱ్ఱాల రికాబులు దాటింది, దారిచూపేవాడే దారి తప్పాడు. దాదాపు వారం దినాలు మంచును కాళ్ళతో త్రొక్కి దారి చేసుకోవలసి వచ్చింది. ముందున్నవాడు నడుముదాకా, రొమ్ముదాకా దిగబడుతూ కొన్ని అడుగులు వేసి అలసి నిలిచిపోయేవాడు. వెనుకవాడు ముందుకు వచ్చేవాడు. పది పదిహేనుమంది ఇలా త్రొక్కిన పిమ్మట ఒక ఉత్త గుఱ్ఱాన్ని నడిపించేవారు. సేనలో పేరుమోసిన వీరులు తలలు వంచుకొని, సిద్ధమైన దారిలో వెనుక వచ్చారు. బాబరు ఎవరినీ బలవంతపెట్టలేదు, తానే దిగి త్రొక్కాడు. కాసిం బేగు కూడ తన కుమారులతో దిగి త్రొక్కాడు. ఒక సాయంకాలం గాలివాన వంటి మంచు కురుస్తుండగా ఒక గుహ చేరారు. అది చిన్నదిగా తోచింది. లోపలికి రమ్మని ఎందరు చెప్పినా, మనుషులు బయట మంచులో ఉండగా తాను వెచ్చగా పడుకోవడం మర్యాద కాదని, పారతో నమాజు చాప యంత గుంట త్రవ్వుకొని అందులో కూర్చున్నాడు. రాత్రి నమాజు వేళకు తలమీద, వీపుమీద నాలుగు వ్రేళ్ళ మందాన మంచు పేరుకొంది. చెవికి జలుబు పట్టింది. ఇంతలో గుహ లోపల విశాలంగా ఉన్నదని ఎవరో చూచి చెప్పగా, అందరినీ పిలిచి తానూ లోనికి వెళ్ళాడు.

ఇద్దరు మనుషులను చెరొక చంకలో ఇరికించుకొని కోటగోడమీద పరుగెత్తేవాడన్న కథ మన పిల్లల పుస్తకాలలో ఉన్నది. అతని గ్రంథంలో మాత్రం లేదు. ఉన్నది వేరొకటి: 1529లో గంగానదిని 33 బారలలో ఈది, కొంచెం ఊపిరి తీసుకొని, తిరిగి ఈవలి ఒడ్డుకు వచ్చాడు. త్రోవలో తగిలిన నదులన్నీ ఈదినవాడు, గంగ ఒక్కటే అదివరకు మిగిలిపోయిందట. బారలు లెక్కపెట్టుకొన్న ఆ చక్రవర్తి వయస్సు అప్పటికి నలుబదియారు.

అతనిని దోషరహితునిగా చూపడం మా ఉద్దేశం కాదు. బాల్యంలో మద్యం ముట్టనివాడు కాబూలులో దానికి దాసుడయ్యాడు. అంతకంటె ఘోరం, 1519లో బజౌరు కోట పట్టుకొన్నపుడు మూడువేలకు పైగా మనుషులను చంపించి తలలతో గోపురం కట్టించాడు. తన తప్పతాగుడును గురించి సిగ్గుపడి వ్రాసిన ఆ కలమే ఈ సంగతిని ఏ సంకోచమూ లేకుండా వ్రాసింది. ఆత్మపరిశీలన చేసుకొనే మనిషికి కూడ కొన్ని చోట్ల చూపు ఆనదు కాబోలు.

నలుబదవ యేట మద్యం మానుతానని అనుకొన్నాడు, మానలేదు. 1527లో ఖాన్వా యుద్ధానికి ముందు, సేన భయపడి ఉన్న సమయంలో, బంగారు వెండి పానపాత్రలను పగులగొట్టించి పేదలకు పంచిపెట్టాడు. మూడువందల మంది అతనిని అనుసరించారు. మాజూను తినడం మాత్రం మానలేదన్నది కూడ అతని దినచర్య వలననే తెలుస్తున్నది. గెలిచిన తరువాత రెండేండ్లకు మిత్రుడు ఖ్వాజా కలానుకు వ్రాసిన ఉత్తరంలో, మానిన కొత్తలో కోరిక తాళలేక కన్నీళ్ళు వచ్చేవని ఒప్పుకొన్నాడు. ప్రమాణం చేసిన ఘట్టాన్ని చరిత్రకారులందరూ వ్రాశారు. కన్నీళ్ళ సంగతి అతడే చెప్పకపోతే మనకు తెలిసేది కాదు. కాబూలు ఖర్బూజా కోసి తింటూ కంట తడి పెట్టుకొన్నట్లు కూడ అందులోనే ఉన్నది.

1528లో కుమారుడు హుమాయూనుకు వ్రాసిన ఉత్తరంలో అక్షరదోషాలను ఎత్తిచూపాడు. అలంకారాలు మాని, తేట మాటలతో వ్రాస్తే వ్రాసేవానికీ చదివేవానికీ శ్రమ తగ్గుతుందని బోధించాడు. తాను చేసినదీ అదే. తన జీవితకథను ఆస్థాన భాషయైన ఫార్సీలో గాక, తల్లిభాషయైన చగతాయి తురుష్కంలో వ్రాశాడు.

1530 డిసెంబరు 26న ఆగ్రాలో మరణించాడు. ఆగ్రాలోనే మొదట ఖననం చేసినా, తరువాత కాబూలుకు తరలించారు. అంతకు ముందటి యేడు ఒక రాత్రి పెనుగాలికి గుడారం కూలి, వ్రాసిన కాగితాలు నీట తడిశాయి. వాటిని ఏరి, ఉన్ని తివాచీ క్రింద పెట్టి, నిప్పు రగిల్చి, తెల్లవారేవరకు నిద్రలేక ఆరబెట్టాడు. ఆ గ్రంథానికి తురుష్క మూలంలో దొరికిన ప్రతులలో మిక్కిలి ముఖ్యమైనది మన హైదరాబాదులో, సాలార్‌జంగు గ్రంథాలయంలో బయటపడింది. ఆనెట్ బెవరిజ్ అనే విదుషి 1905లో దానిని యథాతథంగా అచ్చు వేయించి, తన ఆంగ్లానువాదానికి ఆధారం చేసుకొన్నది. అందులో కూడ, అన్ని ప్రతులలో వలెనే, 1508 నుండి 1519 వరకు గల కథ లేదు.