లూథర్ బర్బాంకు: కలుపుమొక్కను కుండీకెక్కించిన తోటమాలి

వానలు వెనుకబట్టి బతుకమ్మ పండుగ దగ్గరపడే రోజులలో, గోదావరికి చేరువనున్న వెల్గటూరు చేలగట్ల వెంట నడిచేవారికి ఒకవైపు తంగేడు పసుపుపచ్చగా, మరొకవైపు గునుగు తెల్లగా కనిపిస్తాయి. పండుగ తొమ్మిది నాళ్లు గునుగుపువ్వుకు జరిగే మర్యాద ఇంతంత కాదు. పండుగ దాటినదా, అదే గునుగు చేనిలో కలుపు. కూలి ఇచ్చి పీకించవలసిన మొక్క. అయితే ఇళ్ల ముంగిట కుండీలలో, ఎర్రని ముఖమలుగుడ్డను మడతలు పెట్టినట్లు పూచే కోడిజుట్టు పువ్వు ఈ గునుగుకు పరాయిది కాదు. వృక్షశాస్త్రజ్ఞులు ఆ రెండింటిని ఒకే జాతిలో చేర్చినారు. ఏనాడో ఎవరి కన్నో ఒక వింత కంకిమీద పడి, ఎవరి చెయ్యో ఆ విత్తనాన్ని వేరుగా దాచి ఉండకపోతే కోడిజుట్టు మన ముంగిళ్లకు వచ్చేది కాదు. అట్టి చేతుల పేర్లను చరిత్ర సాధారణంగా నిలుపుకొనదు. పేరు నిలిచిన కొద్దిమందిలో అమెరికా దేశస్థుడైన లూథర్ బర్బాంకు ఒకడు. అతడు కూడ రైతులు అసహ్యించుకొనే ఒక కలుపుమొక్కను పట్టుకొని, పదునేడేండ్లు దాని వెంటబడి, లోకమంతటా తోటలలో పెంచుకొనే పూలమొక్కగా మార్చినాడు.

బర్బాంకు 1849 మార్చి 7వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రంలోని లాంకాస్టరు గ్రామంలో జన్మించినాడు. తండ్రి శామ్యూల్ వ్యవసాయం చేస్తూ ఇటుకలు కూడ కాల్చేవాడు. ఆ తండ్రి పదునైదుగురు సంతానంలో లూథర్ పదమూడవవాడు. లాంకాస్టరు అకాడమీలో సాగిన కొద్దిపాటి చదువుతోనే అతని పాఠశాల విద్య ముగిసినది. కళాశాల మెట్లు ఎక్కలేదు. ఆ లోటును కొంతవరకు తీర్చినది ఒక గ్రంథం. పెంపుడు జంతువులలో, సాగుమొక్కలలో కలిగే మార్పులను గూర్చి చార్లెస్ డార్విన్ వ్రాసిన గ్రంథం 1868లో వెలువడినది. ఒకే కాపు గింజలలోనైనను ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒక్కటి కావనీ, ఆ స్వల్పభేదాలను ఏరుకొని పెంచుకుంటూ పోతే కొత్త రకాలు ఏర్పడుతాయనీ ఆ గ్రంథం అతనికి బోధించినది. తండ్రి మరణానంతరం తన వాటాకు వచ్చిన సొమ్ముతో అతడు లూనెన్‌బర్గు వద్ద పదునేడు ఎకరాల నేల కొని కూరగాయలు పండించ నారంభించినాడు.

అక్కడనే అతని తొలి విజయం లభించినది. ఆలుగడ్డను మనం గింజనుండి పండించము. గడ్డను ముక్కలుగా కోసి నాటుతాము. అందుచేత తల్లి ఎట్టిదో పిల్ల అట్టిదే అవుతుంది. కొత్తదనానికి అందులో తావు లేదు. పువ్వునుండి కాయ ఏర్పడి, కాయలోని గింజ మొలిచినప్పుడే భేదాలు బయటపడుతాయి. ఎర్లీ రోజ్ అనే ఆలుగడ్డ రకం కాయ కాయుట చాల అరుదు. 1872 ప్రాంతంలో బర్బాంకు తన మడిలో అట్టి కాయ నొకదానిని చూచినాడు. అది పండేవరకు దినదినం కనిపెట్టి ఉండగా, ఒకనాడు కాయ మాయమైనది. నేలమీద చాలసేపు వెదకి, రాలిపోయిన దానిని ఎట్టకేలకు దొరకించుకొన్నాడు. అందులో ఉన్నవి ఇరువదిమూడు గింజలు. అన్నింటిని మొలిపించినాడు. ఒకటి తక్కిన వాటినన్నింటిని మించిన గడ్డలు పెట్టినది. 1875లో దానిని జేమ్స్ గ్రెగరీ అనే విత్తన వ్యాపారికి నూటయాబది డాలర్లకు విక్రయించినాడు. తన రకానికి చెందిన పది గడ్డలను మాత్రం వెంట తీసికొనిపోవుటకు అతనికి అనుమతి లభించినది. ఆ రకంనుండి పుట్టిన రసెట్ బర్బాంకు నేటికిని అమెరికాలో విస్తారంగా సాగయ్యే ఆలుగడ్డలలో ఒకటి. దానివలన ఎందరు ఎంత సంపాదించినను, దానిని కనుగొన్నవానికి దక్కినది ఆ నూటయాబది డాలర్లే.

ఆ సొమ్ముతోనే అతడు ఖండానికి ఆవలి అంచున ఉన్న కాలిఫోర్నియాకు చేరి, సాంటా రోసా పట్టణంలో నిలిచినాడు. తొలినాళ్లలో దొరికిన పనియల్లా చేసినాడు. జబ్బుపడి మంచం పట్టినాడు. క్రమంగా చిన్న నారుతోట పెట్టుకొన్నాడు. 1881లో వారెన్ డటన్ అనే వ్యాపారి ఆ సంవత్సరమే నాటుటకు ఇరువది వేల ఆల్‌బుకారా మొక్కలు కావలెనని అడిగినాడు. మామూలు పద్ధతిలో అందుకు రెండు మూడేండ్లు పడుతుంది. బర్బాంకు త్వరగా మొలిచే బాదం గింజలను నాటించి, ఎదిగిన బాదం మొక్కలపై ఆల్‌బుకారా మొగ్గలను అంటుకట్టించి, గడువునాటికి దాదాపు అన్ని మొక్కలను అప్పగించినాడు. చుట్టుపట్ల అతని పేరు మారుమ్రోగినది. 1885లో సెబాస్టొపోల్ వద్ద మరికొంత భూమి కొని, దానిని కేవలం ప్రయోగాల కొరకే కేటాయించినాడు.

ఇక మన పూలమొక్క కథకు వత్తము. మసాచుసెట్సు పచ్చికబయళ్లలో ఆక్సై డైసీ అనే తెల్లని చిన్న పువ్వు పిచ్చిగా పెరుగుతుంది. అది మన చేమంతి కుటుంబానికి చెందినది. ఐరోపానుండి వలసవచ్చిన ఆ మొక్క గడ్డిభూములను ఆక్రమిస్తుంది గనుక రైతులు దానిని పగబట్టి పీకివేసేవారు. బాల్యంలో ఆ పువ్వును ముచ్చటపడి చూచిన బర్బాంకు, 1884 ప్రాంతంలో దాని విత్తనాలను తన తోటలో చల్లినాడు. పువ్వు పెద్దది కావలెను, రేకులు మంచువలె తెల్లగా ఉండవలెను, కాడ నిటారుగా నిలువవలెను, పూచే కాలం నిడుపు కావలెను. ఇవి అతడు పెట్టుకొన్న నియమాలు. ప్రతియేటా మంచివాటిని ఏరి వాటి గింజలనే చల్లినాడు. కొంత మెరుగు కనిపించినది. కాని ఒక హద్దు దాటి ముందుకు సాగలేదు. ఏరుటకు భేదం ఉండవలెను గదా! ఆ భేదం కొరకు అతడు సంకరానికి పూనుకొన్నాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక చేమంతిని చేతిలోనికి తీసికొని చూడవలెను. మనం ఒక పువ్వు అనుకొనేది నిజానికి పూలగుంపు. చుట్టూ ఉన్న ఒక్కొక్క రేక ఒక్కొక్క పువ్వు. నడుమ పచ్చని బొడ్డులో వందలకొలది చిన్న పూవులు కిక్కిరిసి ఉంటాయి. అంత చిన్న పూలలోని కేసరాలను ఒక్కొక్కటిగా గిల్లివేయుట మానవసాధ్యం కాదు. కనుక బర్బాంకు ఇట్టి పూలమీద సన్నని నీటిధార పట్టి సొంత పుప్పొడిని కడిగివేసి, ఆరిన పిదప, తాను కోరిన వేరొక మొక్క పుప్పొడిని అద్దేవాడు. ఈ విధంగా ఆక్సై డైసీతో ఐరోపాకు చెందిన పెద్ద డైసీని, పోర్చుగలు దేశపు డైసీని కలిపినాడు. వాటి సంతానంలో పెద్ద పువ్వులు లభించినవి గాని, తెలుపులో ఆ స్వచ్ఛత రాలేదు. తుదకు జపానునుండి తెప్పించిన మరొక డైసీ పుప్పొడిని చేర్చినాడు. దాని పువ్వు చిన్నదైనను తెలుపు నిష్కళంకమైనది. ఆ సంకరసంతానంలో వేలాది మొక్కలను పెంచి, వందలకొలది ఏరి, తిరిగి వాటి గింజలను చల్లి, మరల ఏరినాడు. చివరకు తాను తలచిన పువ్వు 1901లో లోకానికి అందినది. ఉత్తర కాలిఫోర్నియాలో మంచు కప్పుకొని నిలిచే శాస్తా పర్వతం పేరు దానికి పెట్టినాడు. శాస్తా డైసీ నేడు తోటమడులలోనేగాక, పొట్టి రకాల రూపంలో కుండీలలోనూ చల్లని దేశాలంతటా పూస్తున్నది.

సంకరజాతి మొక్క గింజను చల్లితే పిల్లలన్నీ తల్లివలె ఉండవు. తాతముత్తాతల గుణాలు విడివడి బయటపడుతాయి. అందువలననే ఎన్నుకొన్న ఉత్తమమైన మొక్కను నిలుపుకొనుటకు దుబ్బును విడదీసి పిలకలు నాటుతారు. మన ఇళ్లలో స్త్రీలు చేమంతి పిలకను ఒక కుండీనుండి మరొక కుండీకి మార్చుటలో ఉన్న కిటుకు ఇదే. కొత్తదానిని కనుగొనుటకు గింజ, కనుగొన్నదానిని కాపాడుకొనుటకు పిలక లేక అంటు. బర్బాంకు జీవితకాలపు కృషి అంతా ఈ రెండింటిమీద నడిచినది. ఎనిమిదివందలకు పైగా కొత్త రకాల పండ్లు, పూవులు, కూరగాయలు అతని తోటలనుండి వెలువడినవని లెక్క. ఆ ప్రతి ఒక్కదాని వెనుక పీకి కుప్పవేసి కాల్చివేసిన మొక్కలు వేలకొలదిగా ఉన్నవి. చూపు ఎంత నిశితమైనదో, పారవేయుటలో చేయి అంత నిర్దయమైనది.

కీర్తి వెల్లువయై వచ్చినది. పత్రికలు అతనిని మొక్కల మాంత్రికుడన్నవి. 1904లో ప్రఖ్యాత వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్ వచ్చి అతని తోటను చూచినాడు. 1915లో ఎడిసన్, హెన్రీ ఫోర్డు వచ్చినారు. పరమహంస యోగానంద తన ఆత్మకథను ఈ తోటమాలి స్మృతికే అంకితమిచ్చినాడు. కాని మాంత్రికుడనే బిరుదులో ఒక ప్రమాదం దాగి ఉన్నది. మాంత్రికుని మంత్రం ఇతరులకు తెలియదు.

1905లో కార్నెగీ సంస్థ అతని కృషికి సంవత్సరానికి పదివేల డాలర్ల చొప్పున సాయం ప్రకటించినది. అతని పద్ధతులను పరిశీలించి గ్రంథస్థం చేయుటకు జార్జి షల్ అనే యువశాస్త్రజ్ఞుని పంపినది. షల్ వచ్చి చూచినాడు. ఏ మొక్కను దేనితో కలిపినారు, ఎన్ని గింజలు మొలిచినవి, ఎన్ని ఏ రంగు పూచినవి అన్న ప్రశ్నలకు క్రమమైన లెక్కలు ఆ తోటలో లభించలేదు. ఉన్నవి ముక్కకాగితాలమీది గుర్తులు, తోటమాలి జ్ఞాపకం. బర్బాంకు దృష్టి ఫలితంమీదనే. దారిని వ్రాసిపెట్టుట అతనికి కాలహరణంగా తోచినది. కొన్నేండ్లకే ఆ సాయం నిలిచిపోయినది. షల్ తలపెట్టిన సంపూర్ణ నివేదిక ఎన్నడును వెలువడలేదు.

దీనికి పక్కన మరొకరి జీవితాన్ని ఉంచి చూడవలెను. బర్బాంకు బాలుడుగా ఉన్న కాలంలోనే, బర్నో పట్టణపు మఠంలో గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలను కలిపి, ప్రతి తరంలోని గింజలను లెక్కించి వ్రాసిపెట్టినాడు. 1866లో అచ్చయిన ఆ వ్యాసాన్ని ముప్పదినాలుగేండ్లు ఎవరును పట్టించుకొనలేదు. 1900లో దానిని తిరిగి వెలికితీసిన వారిలో పైన చెప్పిన డి వ్రీస్ ఒకడు. మెండెల్ లోకానికి ఒక్క కొత్త బఠానీనైనను అమ్మలేదు; కాని అతని లెక్కలు నేటి మొక్కల పెంపక శాస్త్రానికి పునాదియైనవి. బర్బాంకు వందలాది రకాలను ఇచ్చినాడు. అతని విద్య మాత్రం చాలవరకు అతనితోనే ముగిసినది. ఆ తోటలో లెక్కలు దొరకని షల్, తన సొంత మొక్కజొన్న మడులలో లెక్కలు వ్రాసుకొని, 1908 నుండి సంకర మొక్కజొన్నకు దారి చూపినాడు. నేడు మన జగిత్యాల, కరీంనగరం చేలలో ఎదిగే సంకర మక్కజొన్న ఆ దారిన వచ్చినదే.

వ్యాపారంలో కూడ బర్బాంకుకు చేదు అనుభవం కలిగినది. పశుగ్రాసానికి పనికివస్తుందని ముళ్లులేని నాగజెముడును సాధించినాడు. దానిమీద జనం పెట్టుకొన్న ఆశలు నెరవేరలేదు. అతని మొక్కలను విక్రయించుటకు 1912లో ఏర్పడిన కంపెనీ కొద్ది ఏండ్లకే దివాలా తీసినది. 1926 ఏప్రిల్ 11వ తేదీన, డెబ్బదియేడేండ్ల వయసులో అతడు కన్నుమూసినాడు. సాంటా రోసాలోని సొంత ఇంటి ఆవరణలో, ఒక దేవదారు చెట్టు నీడన సమాధి చేసినారు. నాలుగేండ్ల పిదప, 1930లో, కొత్త మొక్కను సృష్టించినవానికి హక్కు కల్పించే చట్టం అమెరికాలో వచ్చినది. ఆ చట్టం క్రింద అతని పేర పదునారు పేటెంట్లు లభించినవి. అందుకొనుటకు అతడు లేడు. మన దేశంలో ఇట్టి చట్టం 2001లో వచ్చినది. రైతు కూడ తాను రూపొందించిన రకాన్ని తన పేర నమోదు చేసికొనుటకు అందులో అవకాశం కలదు. నూటయాబది డాలర్ల కథ మన చేలలో పునరావృతం కాకుండుటకు అది ఒక ఆధారం.

ఈ జీవితంనుండి మన బడులకు అందేది రెండు భాగాలుగా ఉన్నది. మొదటిది బర్బాంకు చూపు. బడితోటలోని చేమంతి మడిలోనో, చేనిగట్టు గునుగులోనో ఒక్కటి వేరుగా పూస్తే దానిముందు ఆగవలెను. దానికి దారం కట్టి, గింజ పండేదాక కాపలా ఉండవలెను. రెండవది అతనికి లేకపోయిన అలవాటు. ఆ దారం కట్టిన నాడే ఒక నోటుపుస్తకంలో తేదీ, తల్లిమొక్క గుణం, నాటిన గింజల సంఖ్య, మొలిచిన వాటి సంఖ్య వ్రాసిపెట్టవలెను. ఈ ఏటి పదవ తరగతివారు వ్రాసిన పుస్తకాన్ని వచ్చే ఏటివారు అందుకొని కొనసాగించగలరు. అందుకు ఉపాధ్యాయునికి కావలసినది ఒక మడి, ఒక పుస్తకం, కొంత ఓపిక. శాస్తా డైసీకి పదునేడేండ్లు పట్టినవి. బడిలో తరగతులు మారినను మడి మారదు గనుక, అంతకాలం వేచి ఉండగల శక్తి ఒక మనిషికన్న ఒక బడికే ఎక్కువ కలదు.