గాజుపై చెక్కిన పేరు: ఎమీల్ గాలే జీవితము

ఫ్రెంచివారి పేరు మన యానామునకు క్రొత్తది కాదు. 1954 వరకు ఈ యూరు వారి యేలుబడిలోనే యుండెను. అయినను వారి అధికారుల పేర్లు మన పెద్దలకు తెలిసినంతగా వారి పనివాండ్ర పేర్లు తెలియవు. అందుచేత ఈ సంచికలో ఒక గాజుపనివాని చరిత్రమును చెప్పదలచితిమి. ఆయనయే ఎమీల్ గాలే. ఆయన చేయించిన పూలకూజాలు నేడు అనేక దేశముల ప్రదర్శనశాలలలో కలవు. పాత ఫ్రెంచి గాజుకూజా చేతికి వచ్చినప్పుడు, తెలిసినవారు మొదట వెదకునది దానిపై చెక్కిన పేరు. ఆ పేరును సరిగా చదువుటకు ఫ్రెంచి అక్షరములు వచ్చినంత మాత్రమున చాలదు. ఆ మనుష్యుని జీవితము కూడ తెలిసియుండవలెను.

గాలే 1846 మే 4వ తేదీన ఫ్రాన్సు దేశపు తూర్పున లొరేన్ సీమలోని నాన్సీ నగరమున జన్మించెను. తండ్రి షార్ల్ గాలే గాజుసామానులు, మెరుగుపూత వేసిన మట్టిపాత్రలు అమ్ము వర్తకుడు. బాలునకు చిన్ననాటినుండియు మొక్కలనిన ప్రాణము. నాన్సీలో చదువుకొని, వృక్షశాస్త్రమున ఆసక్తి పెంచుకొని, పిమ్మట జర్మనీలోని వైమార్ నగరమునకు పోయి కొంతకాలము విద్యాభ్యాసము చేసెను. తరువాత మైజెంతాల్ అను గ్రామమందలి గాజు కర్మాగారమున పని నేర్చెను. అంగడిలో కూర్చుండి సరకు అమ్ముకొనగల వర్తకుని కుమారుడు కొలిమి వేడిమిలో నిలిచి పని నేర్చుకొనుట మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. గాలే తానుగా పోయి సైన్యమున చేరెను. ఫ్రాన్సు ఓడిపోయెను. 1871 సంధి ప్రకారము అల్సాస్ సీమయు, లొరేన్‌లో ఒక భాగమును జర్మనీ వశమయ్యెను. నాన్సీ ఫ్రాన్సులోనే మిగిలెను గాని, సరిహద్దు దాని సమీపమునకు వచ్చెను. మైజెంతాల్ ఆవలి ప్రక్కకు పోయెను. జర్మను ప్రజలుగా ఉండుటకు ఇష్టపడని కుటుంబములనేకము ఇల్లు వాకిలి విడిచి నాన్సీకి వలసవచ్చెను. అయినను పటముపై గీత మారినంతనే పనివాని చేయి మారదు గదా! గాలే పాత స్నేహమును తెంచుకొనలేదు. 1885లో మైజెంతాల్ వారితో ఒడంబడిక చేసికొని, తన గాజును అచ్చటనే చేయించుచు వచ్చెను. 1894లో గాని నాన్సీలో సొంత గాజుకొలిమి వెలిగింపలేదు.

లొరేన్ సీమకు రెండు అడ్డకమ్ములు గల శిలువ ప్రాచీన చిహ్నము. గాలే తన పేరు ప్రక్కన పలుమార్లు ఆ శిలువను చెక్కించెను. కోల్పోయిన సీమ యొక్క గుర్తు, ఆ సీమలోనే, పరుల యేలుబడిలో ఊదిన గాజుపై నిలిచినది! అయితే ఆ గుర్తును చూచినంతనే ఇది గాలే పని యని తేల్చివేయరాదు. నాన్సీలోని డోమ్ సోదరులును తమ పేరుతో ఆ శిలువనే వేసిరి. వారి కుటుంబమును బిచ్ అను పట్టణమును విడిచి సరిహద్దు దాటి వచ్చినదే.

గాలే పనితీరు ఇట్టిది. వేరువేరు రంగుల గాజును పొరపొరగా ఒకదానిపై నొకటి పోతపోసి, నిలువవలసిన భాగములపై ఆమ్లము తినజాలని పూత పూసి, తక్కిన భాగమును ఆమ్లముచే కరగింపజేయుదురు. అప్పుడు లోపలి రంగు బయటపడి, పైరంగు ఆకులుగా, పువ్వులుగా ఉబ్బెత్తుగా నిలుచును. ఉత్తమమైన వస్తువులను తిరుగుచక్రముతో చేత చెక్కింతురు. పేరునకును ఇదే న్యాయము. పెక్కు సంఖ్యలో చేసినవానిపై పేరు ఆమ్లముచే ఉబ్బెత్తుగా తేలియుండును. అపురూపముగా చేసినవానిపై చెక్కబడియుండును. ఆ పేరైనను ఒక తీరున ఉండదు. ఒకచోట తీగవలె ప్రాకును. మరియొకచోట జపాను లిపివలె నిలువుగా దిగును. జపాను చిత్రకారుడు తకషిమా హొక్కై 1885 ప్రాంతమున నాన్సీ అటవీ విద్యాలయమున చదువవచ్చి, గాలేకు పరిచితుడయ్యెను.

1889లోను, 1900లోను పారిస్ ప్రపంచ ప్రదర్శనములలో గాలే అగ్రబహుమతులు పొందెను. 1901లో నాన్సీ కళాకారులు సంఘముగా ఏర్పడినప్పుడు ఆయనయే అధ్యక్షుడయ్యెను. ఈ సన్మానములకంటె మాకు ముఖ్యముగా తోచునది వేరొకటి. అల్సాస్‌లో పుట్టిన యూదుడగు ద్రేఫస్ అను సైన్యాధికారిని 1894లో దేశద్రోహియని అన్యాయముగా శిక్షించిరి. నాన్సీలో అధికసంఖ్యాకులు ఆయనకు ప్రతికూలురు. గాలే మాత్రము ద్రేఫస్ నిర్దోషియని బహిరంగముగ నిలిచెను. స్నేహితులు దూరమైరి, కొనువారు తగ్గిరి. ఆయన వెనుదీయక, 1900 ప్రదర్శనమునకు చీకటినుండి ప్రాకివచ్చు నల్లని మనుష్యుల రూపములతో ఒక కూజాను చేయించి, దానిపై తన పేరు ఉంచెను. బొమ్మలు గీసినవాడు మిత్రుడగు విక్తోర్ ప్రూవే. వర్తకునకు పేరే పెట్టుబడి. దానిని నష్టమునకు ఒడ్డుట తేలిక పని కాదు.

1904 సెప్టెంబరు 23న గాలే రక్తసంబంధమైన వ్యాధిచే మరణించెను. ద్రేఫస్ నిర్దోషిత్వము 1906లో న్యాయస్థానమున స్థిరపడెను. గాలే దానిని చూడలేదు.

ఆయన భార్య హెన్రియెత్ కర్మాగారమును మూతపడనీయక నడపెను. భర్త పోయిన పిదప చేసిన వస్తువులపై, కొంతకాలము, గాలే పేరునకు తోడుగా చిన్న నక్షత్రమును వేయించెను. ఆయన కాలమున చేసినది ఏది, తరువాతి దేది యని నేటివారు తెలిసికొనుటకు ఆ చుక్కయే సాక్ష్యము. 1914లో ఆమెయు మరణించెను. కర్మాగారము 1930ల వరకు సాగెను. ఆ కడపటి సంవత్సరముల కూజాలపై నక్షత్రము లేదు. పేరు మాత్రము గాలేదే. కావున గాలే యని వ్రాసియున్న దంతయు గాలే చూచినది కాదు.

ఇటీవలి కాలమున రుమేనియా దేశమున గాలే పద్ధతిలో కూజాలు చేసి, ఆయన పేరు ప్రక్కన టిప్ అను మూడక్షరముల మాటను చేర్చిరి. గాలే రకము అని దాని భావము. అందులో వంచన లేదు. అయితే కొందరు వర్తకులు ఆ మూడక్షరములను రాచి తుడిచివేసి, పాత వస్తువని అధిక ధరకు అమ్ముచున్నారు. తెలిసినవారు అందుకే కూజాను వెలుతురున త్రిప్పి, పేరు ప్రక్కనున్న గాజును వ్రేలితో తడిమి చూతురు. అక్షరములు రాచిన చోట నునుపు వేరుగా తగులును.