దేవదాసుది పెరుగన్నం మత్తు... సావిత్రిది నిజం

కల్లు తాగి పొలం గట్టున పడి ఉన్నవాణ్ని తాగుబోతు అంటాం. ప్రేమ విఫలమైందని తాగే కుర్రాణ్ని మాత్రం దేవదాసు అంటాం. వేంసూరు నుంచి వచ్చినా, సత్తుపల్లి నుంచి వచ్చినా, మా ఓపీలో కొడుకును ముందు కూర్చోబెట్టి తల్లులు చెప్పే మాట ఇదే. ఆ మాటలో కోపం తక్కువ, జాలి ఎక్కువ. కాస్త మురిపెం కూడా వినిపిస్తుంది. తాగుడు ఒకటే అయినా రెండు పేర్లు ఎందుకు పెట్టామో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ తేడా మనకు నేర్పింది ఒక సినిమా.

1917లో శరత్ చంద్ర చటర్జీ బెంగాలీలో రాసిన నవల అది. తెలుగులో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో సినిమాగా వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి. ఆ సినిమా చూసి తాగినవాళ్లు ఎంతమందో లెక్క చెప్పలేం కానీ, తాగడానికి ఒక గౌరవప్రదమైన కారణం మాత్రం ఆంధ్రదేశమంతటికీ దొరికింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ కారణం చెల్లుబాటవుతూనే ఉంది. గతంలో గడ్డం, శాలువా, పక్కన కుక్క. ఇప్పుడు ఫోన్లో స్టేటస్ వీడియో. అంతే తేడా.

ఆ మత్తు కళ్లు ఎలా వచ్చాయో అక్కినేనే చాలాసార్లు చెప్పారు. షూటింగ్ రాత్రిపూట పెట్టుకునేవారట. కడుపునిండా పెరుగన్నం తిని, ముంచుకొచ్చే నిద్రను ఆపుకుంటూ కెమెరా ముందు నిలబడేవారట. అలా రెప్పలు బరువెక్కేవి, మాట ముద్దగా వచ్చేది. మనం మద్యం మత్తు అనుకుని మురిసిపోయింది పెరుగన్నం మత్తును చూసి. ఆయన 1974లో గుండె ఆపరేషన్ చేయించుకుని కూడా, 2014 జనవరిలో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూసే దాకా నటిస్తూనే ఉన్నారు.

అదే సినిమాలో చుక్క కూడా ముట్టని పార్వతిగా, దేవదాసు గుమ్మం ముందు ప్రాణం విడిచాడని విని పరుగెత్తే పార్వతిగా మనల్ని ఏడిపించిన సావిత్రి యాభై ఏళ్లు కూడా చూడలేదు. ఈ వారం ఆమె జీవితాన్ని మీకు చెప్పాలనుకున్నది అందుకే.

గుంటూరు జిల్లా చిర్రావూరులో 1930ల మధ్యలో పుట్టారు. ఊహ తెలియకముందే తండ్రి పోయారు. విజయవాడలో పెద్దమ్మ, పెదనాన్నల దగ్గర పెరిగారు. అక్కడే నాట్యం నేర్చుకున్నారు, నాటకాలు వేశారు. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకటరామయ్య వెంటబెట్టుకుని మద్రాసు తీసుకెళ్లారు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఆమెకు దక్కింది ఒక నాట్యం. ఆ మరుసటి ఏడాది పెళ్లిచేసి చూడు, ఆ తర్వాత దేవదాసు, 1955లో మిస్సమ్మ. 1957 మాయాబజార్‌లో శశిరేఖ రూపంలోకి మారిన ఘటోత్కచుడిగా ఆమె చేసిన అభినయం తెలియని తెలుగిల్లు లేదు. తమిళంలోనూ అంతే పేరు. 1965 యుద్ధం రోజుల్లో ఒంటి మీది నగలు తీసి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి రక్షణ నిధి కోసం ఇచ్చేసిన మనిషి.

నటుడు జెమినీ గణేశన్‌ను 1952లో రహస్యంగా పెళ్లాడారు. ఆయనకు అప్పటికే పెళ్లయింది. సావిత్రికి ఒక కూతురు, ఒక కొడుకు. 1968లో చిన్నారి పాపలు సినిమాకు దర్శకత్వం వహించారు. మూగమనసులు కథను తమిళంలో ప్రాప్తం పేరుతో తీస్తే 1971లో విడుదలై నష్టం మిగిల్చింది. సంసారం చెదిరింది. ఆదాయపు పన్ను బకాయిలు మీద పడ్డాయి, ఇళ్లు పోయాయి. ఈ కష్టాల మధ్య మద్యం రోజువారీ వ్యవహారమైంది. షుగర్ జబ్బు కూడా తోడైంది.

మొదటి గ్లాసు ఎవరిచ్చారన్న విషయంపై సినిమా పత్రికలు రాయగలిగినంత రాశాయి. డాక్టరుగా నాకు ఆ ప్రశ్న మీద పెద్దగా ఆసక్తి లేదు. అంత తెలివి, అంత పేరు, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి ఎందుకు మానలేకపోయారన్నదే అసలు ప్రశ్న. మనసు గట్టిగా లేక అని మీరు అనుకుంటే పొరపాటు. రోజూ తాగేవారి మెదడు, మద్యం వల్ల కలిగే మందకొడితనాన్ని తట్టుకోవడానికి తనను తాను ఎప్పుడూ పై స్థాయిలో నడుపుకుంటుంది. ఒక పూట మద్యం అందకపోతే ఆ వేగానికి అడ్డు ఉండదు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. ఆ వణుకు ఆపడానికి మళ్లీ తాగాలి. ఈ దశకు వచ్చినవారు తాగేది సుఖం కోసం కాదు, బాధ పోయిందని కూడా కాదు. మామూలుగా నిలబడటానికి తాగుతారు. సినిమాలో ఈ దశను ఎవరూ పాటగా తీయరు.

ఆడవాళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. వారి ఒంట్లో నీటి శాతం తక్కువ, కడుపులో మద్యాన్ని విరిచే ఎంజైమ్ తక్కువ. మగవాళ్లు తాగినంతే తాగినా రక్తంలో మద్యం ఎక్కువగా చేరుతుంది, కాలేయం ముందుగా దెబ్బతింటుంది.

ఇక షుగర్, మద్యం ఒకే ఒంట్లో చేరితే ఏమవుతుందో వినండి. ఇది మీ ఇంట్లోనూ జరగవచ్చు. మనం తినని సమయంలో రక్తంలోకి చక్కెరను వదిలేది కాలేయం. మద్యం లోపలికి వెళ్లగానే కాలేయం దాన్ని విరిచే పనిలో పడి కొత్త చక్కెర తయారీని ఆపేస్తుంది. షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ చేయించుకునో, సరిగా తినకుండా తాగి పడుకున్నవారికి తెల్లవారుజామున చక్కెర దారుణంగా పడిపోతుంది. చెమట, తడబడే మాట, తూలడం, మగత... ఈ లక్షణాలన్నీ తాగినవారికీ ఉంటాయి. ఇంట్లోవాళ్లు తాగి పడుకున్నాడులే అని దుప్పటి కప్పి వదిలేస్తారు. ప్రధానంగా చక్కెర మీదే నడిచే మెదడు ఆ గంటల్లోనే దెబ్బతింటుంది. షుగర్ ఉన్న మనిషి తాగి పడుకుని పిలిస్తే సరిగా పలకకపోతే గ్లూకోమీటర్‌తో చూడండి. మింగగలిగితే చక్కెర నీళ్లు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

సావిత్రి 1980 మే నెలలో బెంగళూరులో ఉండగా స్పృహ కోల్పోయారు. 19 నెలలు కోమాలోనే ఉన్నారు. చదవడానికి ఒక అంకె అంతే. మంచం పక్కన నిలబడి చూస్తే అది వేరు. కోమాలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ముక్కులోంచి వేసిన గొట్టంలో గంజి, పాలు పోయాలి. మూత్రానికి మరో గొట్టం. కండలు కరిగి చేతులు, కాళ్లు బిగుసుకుపోతాయి. కళ్లు తెరిచినా చూపు ఉండదు. కళ్లతోనే పేజీలకు పేజీల డైలాగు చెప్పగల నటి అలా ఏడాదిన్నర దాటి పడి ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు.

కళాకారులకు మందు ఉంటేనే కళ పలుకుతుందన్న నమ్మకం కూడా కుర్రాళ్లలో గట్టిగానే ఉంది. 1935 హిందీ దేవదాస్‌లో నటించి పాడిన కె.ఎల్. సైగల్ నిజజీవితంలోనూ తాగుడుకు లొంగిపోయారు. తాగకుండా పాడలేనని ఆయన నమ్మకం. షాజహాన్ సినిమాకు ఒకే పాటను తాగి, తాగకుండా రెండుసార్లు పాడించి చూశామని, తాగకుండా పాడిందే ఆయనకూ నచ్చిందని సంగీత దర్శకుడు నౌషాద్ తర్వాత చెప్పుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. సైగల్ 1947 జనవరిలో, 42 ఏళ్లకే పోయారు.

తారలను చూసి పిల్లలు పాడవుతారా అని మీరు అడిగితే, పొగ విషయంలో జవాబు స్పష్టంగా ఉంది. తెర మీద పొగతాగే సన్నివేశాలు యువత సిగరెట్ మొదలుపెట్టడానికి కారణమవుతున్నాయని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2012లో తేల్చింది. మన దేశంలోనూ సినిమాల్లో పొగాకు హెచ్చరికల నిబంధన అదే ఏడాది గట్టిగా అమల్లోకి వచ్చింది. అయితే తెర అడుగున అక్షరాలను ఎవరు చదువుతున్నారో నాకు అనుమానమే. కన్ను హీరో మీద ఉంటుంది, చెవి పాట మీద ఉంటుంది. నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లలో సినిమా చూసి తాగానని చెప్పినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. కానీ ఎందుకు తాగుతున్నావంటే వాళ్లు చెప్పే కారణం మాత్రం అచ్చం సినిమాలోదే. సినిమా సీసా అందించదు. బాధ వస్తే సీసా పట్టుకోవాలన్న వరుసను అందిస్తుంది.

ఇప్పుడు ఆ వరుసలోకి గంజాయి వచ్చి చేరింది. ఏజెన్సీ వైపు నుంచి భద్రాచలం మీదుగా హైదరాబాద్ వెళ్లే సరుకు మన రోడ్ల మీదే పట్టుబడుతున్న వార్తలు మీరు చదువుతూనే ఉన్నారు. కొంత ఇక్కడే ఆగుతోంది. ఆకే కదా, ఏం కాదులే అంటారు ఇంటర్ పిల్లలు. మెదడు పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. ఆలోగా గంజాయి అలవాటైన వారిలో కొందరికి లేని గొంతులు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారన్న భయం మొదలవుతాయి. మానేసినా ఆ జబ్బు పోకుండా ఉండిపోవచ్చు.

2018లో వచ్చిన మహానటి సినిమా పుణ్యమా అని ఈ తరం పిల్లలకు సావిత్రి తెలుసు. ఆ సినిమాను ఇంట్లో పిల్లలతో కూర్చుని చూడండి. చూశాక ఉపన్యాసం మొదలుపెట్టకండి. వాళ్లను మాట్లాడనివ్వండి. ఎవరు తాగుతున్నారో, కాలేజీ వెనుక ఏం దొరుకుతోందో మీకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

మీ ఇంట్లో ఇప్పటికే రోజూ తాగేవారు ఉంటే, గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని మాత్రం చేయకండి. చాలాకాలంగా తాగేవారికి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆసుపత్రిలో మందుల సాయంతో, బి1 విటమిన్ ఇస్తూ మాన్పిస్తాం. ఈ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ తాగేవారే చేయాలని లేదు, తల్లి చేసినా చెల్లి చేసినా వింటారు.