మన న్యూక్లియర్ ఫిజిక్సు స్వామి

సన్యాసం పుచ్చుకున్నవాడికి సైన్సుతో పనేమిటి? మా పెదకూరపాడులో ఎవరిని కదిపినా ఈ మాటే అంటారు. వాళ్లకు నేను చెప్పే పేరు స్వామి జ్ఞానానంద. వాల్తేరులో చదువుకునే మనం ఆయన పేరుగల ప్రయోగశాలల ముందునుంచి నడిచిపోతూ ఉంటాం. ఆయన జీవితం మాత్రం మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న, ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టారు. నరసాపురం టైలర్ హైస్కూల్లో చదివారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి హిమాలయాల దారి పట్టి, సుమారు పదేళ్లు యోగసాధనలో గడిపారు. తన ఆధ్యాత్మిక రచనను అచ్చు వేయించుకుందామని 1927లో జర్మనీ వెళ్లారు.

అక్కడే ఆయన దారి మళ్లింది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన మనసును పట్టేసింది. ముప్పై దాటినవాడు ఉద్యోగమో వ్యవసాయమో చూసుకుని స్థిరపడాలని మన పెద్దల లెక్క. ఆయన ముప్పై దాటాక ఫిజిక్సు, లెక్కలు చదవడానికి కూర్చున్నారు! ప్రేగ్‌లోని ఛార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల మీద పరిశోధించి డాక్టరేటు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరి, జేమ్స్ చాడ్విక్ దగ్గర శిష్యరికం చేశారు.

చాడ్విక్ అంటే 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టినవాడు. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. కాబట్టి మన పరికరాలకు అది నేరుగా చిక్కదు. చాడ్విక్ దాని దారిలో పారఫిన్ మైనం పెట్టాడు. మైనంలోని హైడ్రోజన్ కేంద్రకాలను న్యూట్రాన్లు ఢీకొని బయటికి తన్నేశాయి. వాటికి ఆవేశం ఉంది గనుక వాటిని లెక్కపెట్టాడు. దొంగ కనపడకపోయినా అడుగుజాడ పట్టుకున్నాడన్నమాట. మా నల్లరేగడిలో పదును చూడాలంటే రైతు పిడికెడు మన్ను తీసి నలుపుతాడు. అదే పనిని న్యూట్రాన్లతోనూ చేస్తారు. నేలలోకి వేగంగా పోయే న్యూట్రాన్లను నీటిలోని హైడ్రోజన్ మందగింపజేస్తుంది. మందగించి తిరిగి వచ్చినవాటిని లెక్కపెడితే, తేమ ఎంతో తేలుతుంది.

స్వామీజీ సొంత పరిశోధన న్యూట్రాన్ల మీద కాదు, బీటా కిరణాల మీద. బీటా కణమంటే ఎలక్ట్రాను. అయస్కాంతంతో దాని దారి వంచి, శక్తి కొలవవచ్చు. కాని దారిలో గాలి ఉంటే కణం తాకిడి తిని శక్తి పోగొట్టుకుంటుంది, కొలత తప్పుతుంది. అందుచేత ముందు గాలిని తోడేయాలి. ఈ శూన్యాన్ని సాధించడంలో స్వామీజీ చేయి తిరిగినవాడు. యుద్ధకాలంలో అమెరికా వెళ్లి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. శూన్యాన్ని ఎలా తయారు చేయాలి, ఎలా కొలవాలి అని వివరించే ఆయన గ్రంథం ‘హై వేక్యువా’ 1947లో అమెరికాలో అచ్చయింది.

స్వదేశం వచ్చాక కొంతకాలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నారు. 1954లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చారు. 1956లో ఇక్కడ న్యూక్లియర్ ఫిజిక్సు శాఖ ఏర్పడింది. 1965 దాకా ఆయనే దానికి అధిపతి. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు.

ఆయన విద్యకు కాలం చెల్లిందనుకునేవారు ఒక సంగతి గమనించాలి. న్యూట్రాన్లను లెక్కించడానికి ఎన్నో ఏళ్లుగా హీలియం-3 వాయువు నింపిన గొట్టాలు వాడుతూ వచ్చారు. ఆ వాయువు ముఖ్యంగా అణ్వాయుధాలకని దాచిన ట్రిటియం నశించగా వచ్చేది. అమెరికా 2001 తర్వాత సరిహద్దుల్లో న్యూట్రాన్ డిటెక్టర్లు విరివిగా పెట్టింది. 2009 నాటికల్లా హీలియం-3కి కరువొచ్చింది. అప్పుడు శాస్త్రజ్ఞులు బోరాన్-10 వైపు చూశారు. న్యూట్రాన్‌ను మింగిన బోరాన్ కేంద్రకం ఆల్ఫా కణంగా, లిథియంగా చీలిపోతుంది. ఈ రెండూ బయటపడితేనే లెక్కకు వస్తాయి. అందుకని అల్యూమినియం రేకు మీద బోరాన్ కార్బైడు పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు మందానే ఉండాలి. అంత పల్చటి పొరలో కొద్ది న్యూట్రాన్లే చిక్కుతాయి కనుక, అలాంటి పొరలు ఎన్నో వరుసగా పేర్చాలి. ఫ్రాన్సులోని గ్రెనోబుల్, స్వీడన్‌లోని లుండ్ కేంద్రాలవారు మల్టీగ్రిడ్ అనే డిటెక్టరును ఇలాగే రూపొందించారు. ఇక ఆ పొర పరిచేది ఎక్కడ? గాలి తోడేసిన పెట్టెలోనే! అంటే స్వామీజీ ఏ విద్య మీద గ్రంథం రాశారో, సరికొత్త డిటెక్టర్లకు ఆ విద్యే పునాది.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. ఏ కాలేజీలో చూసినా సీనియర్ల రికార్డు దగ్గర పెట్టుకుని రీడింగులు దించేవాళ్లు కొందరుంటారు. పంపు ఎందుకు లాగడం లేదో, గాలి ఎక్కడ జొరబడుతోందో వెతికే ఓపిక వాళ్లకు ఉండదు. మార్కులు వస్తాయి, చేతికి పని రాదు. పరికరం తయారు చేయలేని దేశం దానిని ఇతరుల దగ్గర కొనుక్కుంటుంది. వాళ్ల దగ్గర సరుకు నిండుకున్ననాడు చేతులు ముడుచుకు కూర్చుంటుంది. హీలియం కరువు నేర్పిన పాఠం ఇదే. ముప్పై దాటాక మొదలుపెట్టి గొరగనమూడి సన్యాసి ఇంత సాధించాడు. ఇరవైల్లో ఉన్న మనకు ఆలస్యమైందని చెప్పుకునే వీలు లేదు. సోదర విద్యార్థులారా, ఈ ఏడు ఒక్క లీకునైనా మన చేతులతో మనమే పట్టుకుందాం!